ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత దాని పీట గురించి

ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపును, అంటే తిరిగే చెక్క పీట మీద గొట్టం పెట్టి చేత్తో తోసి తిప్పే రకాన్ని, కోనసీమలోని మా డాబా మీద తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను. అద్దం, ఐపీసుల (కన్ను పెట్టి చూసే కటకాల) సంగతి అందరికీ తెలిసిందే కనుక వాటి జోలికి పోను. దీనితో నేను చేసేది చరతారల, అంటే వెలుగు మారుతూ ఉండే తారల, వెలుగును అంచనా కట్టడం ఒక్కటే. ఆ పనికి నన్ను సంతోషపెట్టిందీ, ఏడిపించిందీ గొట్టాన్ని మోసే చెక్క పీటే.

ఎందుకో చెప్పాలంటే పని స్వభావం కొంత చెప్పాలి. 2009లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపులో అమర్చిన కాస్మిక్ ఆరిజిన్స్ స్పెక్ట్రోగ్రాఫ్ అనే, వెలుగును విడదీసి చూసే పరికరం డిటెక్టర్లు మితిమీరిన వెలుగు పడితే దెబ్బతింటాయి. అది చూసే తారల్లో డ్వార్ఫ్ నోవాలు అనే రకం చరతారలేమో చెప్పాపెట్టకుండా ఒకటి రెండు రోజుల్లోనే ఎన్నో రెట్లు వెలిగిపోతాయి. వాటిలో ఒకటైన ఎస్ఎస్ సిగ్ని మామూలుగా 12వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉండి, లేచినప్పుడు 8కి చేరుతుంది (మాగ్నిట్యూడ్ వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ తార మసక). అందుకే హబుల్ అటు తిరిగే ముందు 24 గంటల్లో ఆ తార ఇంకా మసకగానే ఉందని ఎవరో ఒకరు చూసి చెప్పాలి. 2012–13లో ఇలాంటి సుమారు 40 తారలను కనిపెట్టి ఉండమని అమెరికాలోని చరతారా పరిశీలకుల సంఘం, ఏఏవీఎస్ఓ, ఔత్సాహికులను కోరింది. అమెరికాలో పగలైనప్పుడు మనకు రాత్రి కనుక ఇక్కడి కొలతకు విలువ ఉంది. తార కనబడకపోయినా అది పరిశీలనే: తారల పటంలో 136 అని రాసిన పోలిక తార (వెలుగు ముందే తెలిసిన పక్క తార) కనబడి, అసలు తార కనబడకపోతే, అది 13.6 కంటే మసకగా ఉందని నమోదు చేస్తాం. పటంలో దశాంశ బిందువు వేయరు, దాన్ని కూడా తార అనుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి.

మొదటి ఏడాది చివర దీని గురించి రాసినప్పుడు, వేలితో తోస్తే కదులుతుంది, వదిలితే అక్కడే ఆగుతుంది అని మెచ్చుకున్నాను. ఆ మాట ఎండాకాలానికి ఇప్పటికీ నిజమే.

రెండో ఏడాది భాద్రపదంలో వారం రోజులు ముసురు పట్టింది. హబుల్ మర్నాడు చూడవలసిన తార ఒకటి హంస మండలంలో, దాదాపు నడినెత్తిన ఉంది. ఎనిమిదిన్నరకు మబ్బు విడింది. మెట్ల గదిలోంచి పీటను తెచ్చి గొట్టం ఎక్కించి తోస్తే కదలలేదు. గట్టిగా తోస్తే ఒక్కసారిగా జారి, తారలన్నీ ఐపీసు దాటిపోయాయి. నడినెత్తి దగ్గర పీటను ఎక్కువగా తిప్పాల్సి వస్తుంది కనుక ఆ రాత్రి అది మరీ కష్టమైంది. టార్చి వేసి చూస్తే, సన్‌మైకా అంచు కింద పొట్టు చెక్క తేమ పీల్చి, నీళ్లు తగిలిన అట్టముక్కలా ఉబ్బి, పై బల్ల కింది బల్లకు ఒరుసుకుంటోంది. మా అన్నయ్య కొడుకు గొట్టం దింపి పట్టుకున్నాడు. నేను నడిమి బోల్టు విప్పి, పాత సీడీలు మూడు దాని చుట్టూ తొడిగాను. పై బల్ల ఆ మేరకు లేచి అంచులు విడిపోయాయి. ఎనిమిదీ యాభైకి, అంటే అంతర్జాతీయ కాలమానంలో 15:20కి, 136 తార స్పష్టంగా కనిపించింది, దాని పక్కన మా తార చోటు ఖాళీగా ఉంది. అలా ఖాళీగా కనబడినందుకు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. వెంటనే పంపాను. జపాన్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి కూడా కొలతలు వెళుతుంటాయి కనుక నాది ఎంత పనికొచ్చిందో చెప్పలేను.

అమ్మినవారిని అడిగితే తేమ తగలనివ్వవద్దన్నారు. గోదావరి పాయల మధ్య ఉండేవాడికి ఆ సలహా ఏం ఉపయోగం? చివరికి మా వడ్రంగి చేత వాటర్‌ప్రూఫ్ ప్లైతో కొత్త పీట చేయించాను. ఏడు వర్షాకాలాలు గడిచినా అంచు ఉబ్బలేదు. అయితే అది పాతదానికంటే బరువు, చలికాలపు తెల్లవారుజామున కాస్త బిగువుగా తిరుగుతుంది, పాత పీటలోని ఆ మెత్తదనం మళ్లీ రాలేదు.

అనంతపురం వంటి పొడి ఊళ్లో ఉండేవారికి దీన్ని ఉన్నది ఉన్నట్టే కొనమంటాను. తీరప్రాంతం వారు పీట ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోవాలి. కెమెరాతో కొలిచేవారికి నా అనుభవం అంతగా వర్తించదు. నాకు మాత్రం నిద్ర లేచిన ఐదు నిమిషాల్లో తార దగ్గరికి చేరాలి, మెట్లెక్కి మోసుకెళ్లడానికి ఇంట్లో ఇంకో మనిషి సాయం ఉంది, కనుక ఇదే కొనసాగిస్తున్నాను. ఆ సాయం చేసే మా అన్నయ్య కొడుకు వచ్చే ఏడు చదువుకని హైదరాబాదు వెళ్లాక ఈ బరువు పీట సంగతి మళ్లీ ఆలోచించాలి.