ఎస్ఓ-101 రోబో చెయ్యి: అనుకరిస్తుంది గానీ, "ఉంగా" మనమే నేర్పాలి

పర్లాకిమిడి, బరంపురం వైపు బడుల టింకరింగ్ ల్యాబులకి చూసి నేర్చుకునే రోబో కావాలంటే అందుబాటులో ఉన్నది ఎస్ఓ-101. డిజైన్ ఉచితం. భాగాలు త్రీడీలో ముద్రించుకుని, మోటార్లు కొని బిగించుకోవడమే. మనం పట్టుకుని ఆడించే చెయ్యి లీడర్, దాని వెంట కదిలేది ఫాలోవర్. ఒక్కోదానికి ఆరు ఎస్‌టీఎస్3215 సర్వోలు, అంటే చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటార్లు.

తిప్పలన్నీ ఆ మోటార్ల దగ్గరే. కొత్తవన్నీ ఐడీ (గుర్తింపు నంబరు) 1తోనే వస్తాయి. ఒక్కోదాన్నే బోర్డుకి తగిలించి 1 నుంచి 6 దాకా నంబర్లిచ్చాకే గొలుసుగా కలపాలి. ముందే కలిపేస్తే ఒక పేరుకి ఆరుగురు పలికినట్టు, బోర్డుకి ఏదీ అర్థం కాదు. 7.4 వోల్టుల మోటార్లకి 5 వోల్టుల అడాప్టరు, 12 వోల్టులవాటికి 12ది. 7.4వాటికి 12ది తగిలిస్తే మోటార్లు కాలిపోవచ్చు, అందుకే అడాప్టర్లకి రంగు టేపు చుట్టండి. ఫాలోవర్ మోటార్ల గేర్ల నిష్పత్తి అన్నిటికీ 1:345, లీడర్‌వి కలగలుపు. పొరపాటున మార్చి బిగిస్తే లీడర్ చేతికి బిగుసుగా తిరుగుతుంది. ముద్రణకి 0.2 మి.మీ. పొర, 15 శాతం ఇన్‌ఫిల్ (లోపలి నింపుడు) చాలు. మన వానాకాలంలో ఫిలమెంట్‌ని (ముద్రించే ప్లాస్టిక్ తీగని) సిలికా జెల్‌తో మూసి ఉంచకపోతే పొరలు సరిగా అతకవు.

జీడిపప్పు తీసి గిన్నెలో వేయడం నేర్పాలంటే కెమెరా ముందు లీడర్‌ని ఆడిస్తూ కనీసం 50 సార్లు చేసి చూపాలి: ఐదు చోట్ల, చోటుకి పదేసి. చూపేవాళ్లు బల్లవైపు కాకుండా కెమెరా తెర చూస్తూ చెయ్యాలి. తెరమీద మనకి కనబడనిది రోబోకీ కనబడదు. తర్వాత కెమెరా కాస్త కదిలినా నేర్చిందంతా తప్పుతుంది.

ఇంతవరకు మంచి మార్కులే. కానీ దీన్ని "పసిపిల్లలా నేర్చుకునేది" అనడం మాత్రం ఒప్పుకోలేం. లీడర్ శరీరం, ఫాలోవర్ శరీరం ఒకటే. కాబట్టి ఎదుటివాడి మోచెయ్యి నాలో ఏది అనే అసలు చిక్కు ఇక్కడ రానే రాదు. పసిబిడ్డ ముందు కాళ్లూ చేతులూ ఊరికే ఆడించి, ఏ కండ కదిపితే ఏమవుతుందో పట్టుకుంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు మెల్ట్‌జాఫ్, మూర్ 1997లో దీన్నే బాడీ బ్యాబ్లింగ్ (ఒంటితో ఊకొట్టడం లాంటిది) అన్నారు. బిడ్డ "ఉంగా" అంటే అమ్మా "ఉంగా" అంటుంది. తను చేసిందీ, ఎదుటివాళ్లలో తను చూసిందీ విన్నదీ ముడిపడే చోటు అదే.

రోబోతో ఇలా ఊరికే ఆడించి నేర్పే ప్రయోగానికి ఫాలోవర్ ఒక్కటే చాలు. గ్రిప్పర్‌కి (వస్తువుని పట్టుకునే కొసకి) ఎర్ర స్టిక్కరు అంటించి, టార్క్ (మోటారు తిప్పే బలం) తగ్గించి, కీళ్ల హద్దులు కుదించి (లేకపోతే బల్లని గుద్దుతుంది) చేతిని యాదృచ్ఛికంగా కదపాలి. ప్రతి భంగిమకీ కీళ్ల కోణాలు, తెరమీద స్టిక్కరు చోటు రాసుకోవాలి. రెండు వేల జతలు పోగయ్యాక మీ వేలికీ అలాంటి స్టిక్కరే అంటించి, గ్రిప్పర్ స్టిక్కరు కనబడకుండా కప్పండి. వేలు కనిపించిన చోటుకి దగ్గరి భంగిమని రోబో వెతుక్కుని కదులుతుంది. ఒక్క కెమెరాతో లోతు తెలియదు, ఒకే చోటుకి రెండు మూడు భంగిమలు కుదిరి చెయ్యి తడబడుతుంది. పక్కనుంచి రెండో కెమెరా పెడితే చాలావరకు కుదురుకుంటుంది.

పనులు నేర్పడానికైతే జత కొనండి. పసిబిడ్డ ఎలా నేర్చుకుంటుందో చూపే పాఠానికైతే ఫాలోవర్ ఒక్కటి, మిగిలిన డబ్బుతో కెమెరాలు.