గుండె దడకు రక్తం పల్చబడే మందు: ఎసిట్రామా, కొత్త బిళ్లలా, ఆస్పిరినా? ఏది మేలు?

ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలగానే ఇంట్లోవాళ్లు దడ గురించి భయపడతారు. డాక్టరు భయం వేరు, అది పక్షవాతం గురించి. గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతూ ఉంటే రక్తం అక్కడ నిలిచిపోతుంది. ఎడమ పై గదికి అంటుకుని చిన్న సంచిలాంటి మూల ఒకటి ఉంటుంది. వాల్వు జబ్బు లేనివాళ్లలో పదింట తొమ్మిది గడ్డలు ఆ మూలలోనే కడతాయి. అక్కణ్ణుంచి ఊడిన ముక్క మెదడుకు పోతే చేయీ కాలూ మాటా ఒక్కసారిగా పడిపోతాయి. ఈ జబ్బు లేనివాళ్లతో పోలిస్తే ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు దాదాపు ఐదు రెట్లు.

ఈ జబ్బున్న ప్రతివాళ్లకూ రక్తం పల్చబడే మందు అక్కర్లేదు. బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి, గుండె నీరసానికి ఒకటి, గుండెపోటు లేదా కాలి రక్తనాళాల జబ్బుకు ఒకటి, 65 దాటితే ఒకటి, 75 దాటితే రెండు, ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే రెండు. ఇలా కూడితే రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే మందు మొదలుపెట్టాల్సిందే. ఒకటే వస్తే డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి. వాల్వు ఇరుకైనవాళ్లకు ఈ కూడికతో పనే లేదు, లెక్క ఎంతొచ్చినా వాళ్లకు మందు కావాలి.

ముందు ఆస్పిరిన్ సంగతి తేల్చేద్దాం. "పెద్ద వయసు, గట్టి మందు తట్టుకోలేరు, ఆస్పిరిన్ వేస్తే చాల్లే" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. అది తప్పు. 75 దాటినవాళ్ల మీదే బ్రిటన్‌లో బాఫ్టా అనే అధ్యయనం చేశారు. 973 మందిలో సగం మందికి ఎసిట్రామ్ జాతి పాత మందు వార్ఫరిన్, సగం మందికి 75 మి.గ్రా. ఆస్పిరిన్ ఇచ్చారు. 2007లో వచ్చిన ఫలితం చూస్తే, తీవ్రమైన పక్షవాతం, మెదడులో రక్తస్రావం లాంటివి ఆస్పిరిన్ వాళ్లలో ఏడాదికి నూటికి 3.8, వార్ఫరిన్ వాళ్లలో 1.8. ఆ తర్వాత 2011లో అవెరోస్ అధ్యయనం వచ్చింది. వార్ఫరిన్ సరిపడదనుకున్న 5,599 మందిలో కొందరికి కొత్త బిళ్లల్లో ఒకటైన ఎపిక్సబాన్, మిగతావాళ్లకు ఆస్పిరిన్ ఇచ్చి చూశారు. పక్షవాతం ఆస్పిరిన్‌తో ఏడాదికి నూటికి 3.7, ఎపిక్సబాన్‌తో 1.6. పెద్ద రక్తస్రావాలు రెండింటిలోనూ ఇంచుమించు సమానం. అంటే ఆస్పిరిన్ రక్తస్రావం ముప్పు తప్పించలేదు, పక్షవాతాన్నీ ఆపలేదు. ఈ జబ్బు ఒక్కదాని కోసమే ఆస్పిరిన్ వాడుతుంటే వచ్చే విజిట్‌లో ఆ మాట తప్పక ఎత్తండి.

ఇక మిగిలినవి రెండు దారులు. ఒకటి ఎసిట్రామ్ లేదా వార్ఫరిన్, ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్షతో (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే అంకె) చూసుకుంటూ డోసు సవరించుకునే పాత మందు. రెండోది దబిగట్రాన్, రివరోక్సబాన్, ఎపిక్సబాన్, ఎడోక్సబాన్ అనే కొత్త బిళ్లలు. ఏది మేలన్నది ముందు ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో మిట్రల్ వాల్వు, అంటే గుండె ఎడమ గదుల మధ్య తలుపు, గురించి రాసిన వరుస చెబుతుంది, వయసూ ఖర్చూ తర్వాత.

మన దగ్గర ఇది మరీ ముఖ్యం. చిన్నప్పుడు గొంతునొప్పి వెనకాలే కీళ్ల వాపులతో వచ్చే రుమాటిక్ జ్వరం మిట్రల్ వాల్వును దెబ్బతీస్తుంది. ఇరవై ముప్పై ఏళ్లు గడిచాక ఆ వాల్వు ఇరుకై, ఆయాసంతో, దడతో ఆసుపత్రికి వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు చాలావరకు పోయింది. కొత్త బిళ్లల మీద జరిగిన పెద్ద అధ్యయనాలన్నీ వాల్వు బాగా ఇరుకైనవాళ్లను పక్కన పెట్టే జరిగాయి. అయినా ఐఎన్‌ఆర్ బాధ ఉండదని వీళ్లకూ కొత్త బిళ్లలు రాయడం మొదలైంది.

ఆ అనుమానాన్ని ఇన్విక్టస్ అధ్యయనం తీర్చింది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోని 24 దేశాల నుంచి రుమాటిక్ వాల్వు జబ్బూ ఏట్రియల్ ఫిబ్రిలేషనూ రెండూ ఉన్న నాలుగున్నర వేల మందిని తీసుకున్నారు. సగటు వయసు యాభై, నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్లు. సగం మందికి రివరోక్సబాన్, సగం మందికి వార్ఫరిన్ జాతి మందు. కొత్త మందే గెలుస్తుందని చాలామంది అనుకున్నారు. 2022లో వచ్చిన ఫలితం తిరగబడింది. రివరోక్సబాన్ వైపు 552 మంది చనిపోతే పాత మందు వైపు 442 మంది. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతాలూ రివరోక్సబాన్ వైపే ఎక్కువ. పోనీ పాత మందు వాళ్లకు రక్తస్రావాలు పెరిగాయా అంటే, చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంకో సంగతి గమనించాలి. మొదట్లో పాత మందు వాళ్లలో మూడో వంతు మందికే ఐఎన్‌ఆర్ సరైన హద్దులో ఉంది, తర్వాత కూడా అది అరవై శాతం చుట్టుపక్కలే తిరిగింది. అంత అరకొర అదుపులోనూ పాత మందే ప్రాణాలు నిలబెట్టింది. తగ్గిన మరణాల్లో ఎక్కువ భాగం హఠాత్తుగా గుండె ఆగిపోయినవీ గుండె నీరసించిపోయినవీ. ఎందుకలా అన్నది గడ్డల లెక్క ఒక్కదానితో తేలేది కాదు.

కాబట్టి ఎకోలో మిట్రల్ స్టెనోసిస్ (వాల్వు ఇరుకు) మోడరేట్ అనో సివియర్ అనో ఉంటే ఎసిట్రామే. బెలూన్‌తో వాల్వు వెడల్పు చేయించుకున్నాక కూడా వాల్వు ఇరుకుగానే ఉంటే అదే మాట. లోహపు వాల్వు పెట్టించుకున్నవాళ్లకైతే రెండో ఆలోచనే వద్దు. వాళ్లకు దబిగట్రాన్ ఇచ్చి చూసిన రీ-అలైన్ అధ్యయనాన్ని గడ్డలూ రక్తస్రావాలూ పెరగడంతో మధ్యలోనే ఆపేశారు. పిల్లలు కావాలనుకునే వయసు ఆడవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గర్భంలో 6 నుంచి 12 వారాల మధ్య ఎసిట్రామ్ బిడ్డకు హాని చేయవచ్చు, కొత్త బిళ్లలు గర్భిణులకు అసలే ఇవ్వరు. నెల తప్పిందనగానే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి తప్ప మందు సొంతంగా ఆపకూడదు.

వాల్వు ఇరుకు లేదు, లోహపు వాల్వూ లేదు. అప్పుడు కొత్త బిళ్లలదే పైచేయి, అందులో మాకు సందేహం లేదు. 2011లో వచ్చిన అరిస్టాటిల్ అధ్యయనంలో 18,201 మంది. వార్ఫరిన్‌తో పోలిస్తే ఎపిక్సబాన్ పక్షవాతాన్ని 21 శాతం, పెద్ద రక్తస్రావాలను 31 శాతం, మరణాలను 11 శాతం తగ్గించింది. అన్నిటికన్నా విలువైనది మెదడులో రక్తస్రావం వల్ల వచ్చే పక్షవాతం సగానికి పడిపోవడం. కడుపులో రక్తం పోతే ఎక్కించుకోవచ్చు, పుర్రెలో పోతే మనిషి మళ్లీ మామూలు కావడం కష్టం. ఈ ఒక్క లాభం నాలుగు కొత్త మందులకూ ఉంది.

ఆ నాలుగింటిలో ఏది అన్నదానికి జవాబు కిడ్నీలో ఉంది. దబిగట్రాన్ 80 శాతం మూత్రంలోనే పోతుంది, ఎడోక్సబాన్ సగం, రివరోక్సబాన్ మూడో వంతు, ఎపిక్సబాన్ పావు వంతు కాస్త పైన. ఉద్దానం లాంటి చోట, లేదా ఇరవై ఏళ్ల షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఈ వరుసే మందును తేలుస్తుంది. రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండటం పెద్ద పొరపాటు. 72 ఏళ్ల ఆవిడ, బరువు 48 కిలోలు, క్రియాటినిన్ 1.2 అనుకోండి. చూడ్డానికి కాస్తే ఎక్కువ. లెక్క కట్టండి: 140లోంచి వయసు తీసేస్తే 68. దాన్ని బరువుతో గుణిస్తే 3,264. క్రియాటినిన్‌ను 72తో గుణిస్తే 86.4. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 37.8. ఆడవాళ్లకు దాన్ని 0.85తో గుణించాలి. వచ్చింది 32, దీన్నే క్లియరెన్స్ అంటారు. అంటే ఆవిడ కిడ్నీలు ఉండాల్సిన దాంట్లో మూడో వంతే పనిచేస్తున్నాయి.

ఇదే ఆవిడకు రివరోక్సబాన్ 20 కాదు, 15 మి.గ్రా. ఎడోక్సబాన్ 60 కాదు, 30. ఎపిక్సబాన్ అయితే పూర్తి డోసే, రోజుకు రెండు పూటలా 5 మి.గ్రా. ఎందుకంటే దాన్ని 2.5కు తగ్గించాలంటే మూడింటిలో రెండు ఉండాలి: వయసు 80 లేదా పైన, బరువు 60 కిలోలు లేదా లోపు, క్రియాటినిన్ 1.5 లేదా పైన. ఆవిడకు బరువు ఒక్కటే ఉంది. ఇక్కడే తరచూ తప్పు జరుగుతుంది. ముసలావిడ, బక్కపలచని మనిషి, ఎందుకొచ్చిన గొడవ అని 2.5 రాసేస్తారు. చీటీ మీద మందు ఉన్నట్టే ఉంటుంది, పక్షవాతాన్ని ఆపేంత బలం మాత్రం ఉండదు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి తెచ్చుకుని మింగితే కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది, కడుపులో రక్తమూ పోతుంది. అరవై లోపు క్లియరెన్స్ ఉన్నవాళ్లు ఆ అంకెను పదితో భాగించి, అన్ని నెలలకోసారి క్రియాటినిన్ చూపించుకోవాలి. పై ఉదాహరణలో ఆవిడకు మూడు నెలలకోసారి.

మింగే పద్ధతిలోనూ తేడాలున్నాయి. రివరోక్సబాన్ 15, 20 బిళ్లలు కడుపు నిండా తిన్నాకే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే 20 మి.గ్రా. బిళ్లలో మూడింట రెండు వంతులే ఒంటికి పడుతుంది. శనివారం ఒక్కపొద్దుండి రాత్రి పలహారంతో సరిపెట్టేవాళ్లు ఆ బిళ్లను మధ్యాహ్నం భోజనానికి మార్చుకోవడం మంచిది, ఆ ఒక్క రోజే కాకుండా రోజూ. దబిగట్రాన్ గొట్టం మాత్రను విప్పి పొడి కలుపుకుని తాగకూడదు, అలా చేస్తే మందు ఒంట్లోకి ఎక్కువ పడి రక్తస్రావమవుతుంది. స్ట్రిప్ లోంచి తీసి వారం డబ్బాలో సర్దిపెట్టకూడదు, చెమ్మకు పాడవుతుంది. కొందరికి దానితో కడుపులో మంట కూడా.

పాత మందును తీసిపారేయలేం. ఐఎన్‌ఆర్ 2కూ 3కూ మధ్య నిలకడగా ఉన్నవాళ్లకు అది నమ్మకమైన మందు. 75 దాటి బాగా నీరసించిన పెద్దలను, పాత మందు మీద బాగానే ఉన్నవాళ్లను, కొత్త బిళ్లలకు మార్చి నెదర్లాండ్స్‌లో చూశారు. 2023 నాటి ఆ ఫ్రెయిల్-ఏఎఫ్ అధ్యయనంలో మార్చినవాళ్లలో నూటికి 15 మందికి రక్తస్రావమైంది, మార్చనివాళ్లలో 9 మందికి. పక్షవాతాలేమీ తగ్గలేదు. నడవలేక, పది రకాల మందులు మింగుతూ, ఎసిట్రామ్ మీద కుదురుగా ఉన్న తాతయ్యను ఊరికే కదిలించకండి.

ఆ కుదురు చెడేది ఎక్కడంటే, చాలాసార్లు రక్తం తీసే దగ్గరే. ఐఎన్‌ఆర్‌కు నీలం మూత గొట్టం వాడతారు. అందులో సిట్రేట్ ద్రవం ముందే ఉంటుంది. ఒక వంతు ద్రవానికి తొమ్మిది వంతుల రక్తం పడాలి. గీత దాకా నిండకపోతే ఐఎన్‌ఆర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి డోసు తగ్గిస్తే మనిషి గడ్డల ముప్పులో పడతాడు. గొట్టం గీత దాకా నిండిందో లేదో మీరే చూడండి. ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించుకోండి.

ఆకుకూరలు మానేయమనడం కూడా సరైన సలహా కాదు. గోంగూర, తోటకూర, మునగాకు అన్నీ తినొచ్చు, వారం వారం ఇంచుమించు ఒకే కొలతలో. నెలంతా మానేసి పండక్కి ఒక్కసారిగా తింటేనే ఐఎన్‌ఆర్ కిందికి జారుతుంది. మందులు మాత్రం తీవ్రంగా కలియబడతాయి. విరేచనాలకు వేసే మెట్రోనిడజోల్, మూత్రంలో మంటకు వాడే కోట్రైమోక్సజోల్, తామరకు ఇచ్చే ఫ్లూకొనజోల్, దడకే ఇచ్చే అమియోడరోన్, ఇవన్నీ ఐఎన్‌ఆర్‌ను పైకి ఎగదోస్తాయి. వీటిలో ఏది మొదలుపెట్టినా మూడు నాలుగు రోజుల్లో పరీక్ష చేయించాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఐఎన్‌ఆర్‌ను కిందికి లాగుతుంది. అది కొత్త బిళ్లల బలాన్నీ తీసేస్తుంది గనుక, టీబీ మందులు వాడే ఆర్నెల్లూ కొలిచి సవరించుకోగల ఎసిట్రామే నయం.

ఖర్చు చూస్తే, బిళ్ల ధర ఎసిట్రామ్‌దే తక్కువ. దాని మీద నెలనెలా పరీక్ష, బస్సు చార్జీలు, ఒక రోజు కూలి కలపండి. కొత్త మందులకు జనరిక్‌లు వచ్చాక ఆ తేడా చాలా తగ్గింది. మందు మరిచిపోతే మాత్రం కొత్త బిళ్లలు ఊరుకోవు, సగం రోజు దాటితే బలం తగ్గిపోతుంది. రెండు పూటలా వేసే బిళ్ల ఆరు గంటల లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు, ఒక్కపూట బిళ్ల పన్నెండు గంటల లోపు. దాటితే వదిలేసి తర్వాతి పూటది వేసుకోవాలి, ఏ మందైనా రెండు కలిపి వేయకూడదు.

గడ్డలు కట్టే ఆ గుండె సంచి మూలను మూసేసే పరికరం ఉంది. లక్షల్లో ఖర్చు, పెట్టాక కూడా కొన్నాళ్లు మందు వాడాలి. మెదడులో రక్తస్రావం అయినవాళ్ల లాంటి, ఏ మందూ వాడలేనివాళ్లకే ప్రస్తుతం అది ఆలోచించదగ్గది. కరెంటు షాక్‌తోనో అబ్లేషన్‌తోనో (దడ పుట్టే చోటును కాల్చే చికిత్స) లయ సరిచేశాక "ఇక దడ లేదుగా" అని మందు ఆపేయడం ప్రమాదం. 2002 నాటి అఫర్మ్ అధ్యయనంలో 4,060 మంది మీద చూస్తే, పక్షవాతం వచ్చినవాళ్లలో ఎక్కువమంది వార్ఫరిన్ ఆపేసినవాళ్లో ఐఎన్‌ఆర్ 2 లోపు ఉన్నవాళ్లో.

ఇంత చేసినా పక్షవాతం రావచ్చు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్నల్లో రక్తం పల్చబడే మందు ఏది, ఆఖరి బిళ్ల ఎప్పుడు అన్నవి ఉంటాయి. ఎసిట్రామ్ అయితే ఐఎన్‌ఆర్ 1.7 దాటకపోతేనే ఆ ఇంజెక్షన్ ఇస్తారు. కొత్త బిళ్ల 48 గంటల లోపు వేసుకుని ఉంటే మామూలుగా ఇవ్వరు, దబిగట్రాన్‌కు మాత్రం ఇడారుసిజుమాబ్ అనే విరుగుడు ఇచ్చి ఆ తర్వాత ఇవ్వొచ్చు. పెద్ద నాళం మూసుకుపోతే గొట్టం వేసి గడ్డను లాగేయడం మందు మీద ఉన్నవాళ్లకూ చేస్తారు. అంబులెన్స్ ఎక్కేటప్పుడు ఆ స్ట్రిప్‌నూ ఐఎన్‌ఆర్ పుస్తకాన్నీ జేబులో వేసుకుని, ఆఖరి బిళ్ల వేసిన టైము ఒక చీటీ మీద రాసుకోండి.