సర్టిఫికెట్ సంస్థల జవాబుదారీతనం: ఆడిట్ నివేదికా, బహిరంగ చిట్టానా?

వెబ్‌సైట్లకు డిజిటల్ సర్టిఫికెట్లు, అంటే సైటు అసలైనదేనని బ్రౌజర్‌కు చూపే గుర్తింపు పత్రాలు, జారీచేసే సంస్థలపై పాత అదుపు ఆడిట్ ఒక్కటే. నివేదిక వచ్చాక వినియోగదారు ఆ సంస్థ మాటనే నమ్ముకోవాలి. నెదర్లాండ్స్‌కు చెందిన డిజినోటార్ కూడా ఆడిట్ దాటినదే. అయినా 2011 జులైలో చొరబాటుదారులు దాని యంత్రాల నుంచి గూగుల్ పేరిట నకిలీ సర్టిఫికెట్ పుట్టించినప్పుడు సంస్థ చొరబాటును దాచిపెట్టింది. ఇరాన్‌లోని జీమెయిల్ వాడుకరులపై ఆ సర్టిఫికెట్ ప్రయోగించాక, ఆగస్టు చివర గానీ సంగతి బయటపడలేదు.

2013లో రూపుదిద్దుకున్న సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ అనే పద్ధతిలో, జారీ అయిన సర్టిఫికెట్లు ఎవరైనా చూడగల బహిరంగ చిట్టాలకు ఎక్కుతాయి. పాత నమోదును చెరిపినా మార్చినా గూఢలిపి లెక్కలు తప్పి పట్టుబడుతుంది. 2018లో క్రోమ్ కొత్త సర్టిఫికెట్లకు దీన్ని తప్పనిసరి చేసింది. సర్టిఫికెట్లపై సంతకానికి సంస్థ వాడే రహస్య తాళాల భద్రతను చూడటానికి ఆడిట్ ఇప్పటికీ కావాలి. కానీ సాక్ష్యాన్ని వినియోగదారు చేతికిచ్చే చిట్టానే నేను మిన్నగా ఎంచుతాను, తన డొమైన్ పేరిట ఏం జారీ అయిందో యజమాని గమనిస్తూ ఉన్నంతవరకు.