వేంపల్లె నుంచి మార్కాపురం దాకా: ఆనాటి సముద్రపు అడుగున మూడు రోజులు

గండికోట, బెలూం ఒక్క రోజులో చూపిస్తామనే ప్యాకేజీలకు డబ్బు కట్టకండి. పొద్దున బెలూం, ఎండ నడినెత్తికొచ్చాక గండికోట, చీకటిపడేసరికి తిరుగుదారి. అసలు చూడాల్సిన, కడప జిల్లాలోని వేంపల్లె వాళ్ల లెక్కలోనే ఉండదు. కడప, కర్నూలు ప్రాంతాల్లో చాలా భాగం ఒకప్పుడు లోతులేని సముద్రం. దాని రాళ్లు మొత్తమ్మీద పడమట పాతవి, తూర్పుకు పోయేకొద్దీ కొత్తవి; నల్లమల దగ్గర మాత్రం ఈ వరుస తిరగబడుతుంది. అందుకే వేంపల్లెతోనే మొదలుపెట్టాలి. కడపలో మాట్లాడుకున్న కారుకు రోజుకు రూ. 3,200, డ్రైవర్ బేటా రూ. 300 అయింది.

వేంపల్లె చుట్టుపక్కల వంకల్లో, రోడ్డు కోతల్లో కనిపించే బూడిదరంగు రాయి డోలమైటు, అంటే మెగ్నీషియం కలిసిన సున్నపురాయి లాంటిది. పైన ఏనుగు తోలులా గీతలు పడి ఉంటుంది, అదే గుర్తు. కాసిన్ని నీళ్లు పోసి వంగి చూడండి. ఉల్లిగడ్డను నిలువునా కోసినట్టు, సన్నటి పొరలతో గుమ్మటాలు తేలతాయి. ఇవి స్ట్రొమటోలైట్లు. సైనోబ్యాక్టీరియా అనే, వెలుతురుతో బతికే సూక్ష్మజీవుల జిగట పొరకు సున్నపు రజను అంటుకుని, దాని మీద మరో పొర పెరిగి, అలా పేరినవి. వాటికి వెలుతురు కావాలి గనుక నీళ్లు లోతుగా ఉండకూడదు. అయినా ఈ రాయి మందం దాదాపు 1,900 మీటర్లు! సముద్రం అంత లోతని కాదు. అడుగు కుంగిన కొద్దీ పైన సున్నం పేరుతూ వచ్చింది. కుంగడం ఎక్కువైతే వెలుతురు అందక పెరుగుదల ఆగుతుంది. పేరడం ఎక్కువైతే బురద నీళ్లపైకి తేలి, ఎండి బీటలు వారుతుంది. ఆ బీటలు కూడా రాయైపోయి అక్కడే దొరుకుతాయి.

పొద్దున ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళ్లాలి. మధ్యాహ్నం నీడలు పడవు, ఫొటోలో అంతా చదునే. కొలతకు పక్కన పెన్సిల్ పెట్టండి. సున్నపురాయో డోలమైటో తేలకపోతే నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేయండి. సున్నపురాయి వెంటనే నురగ కక్కుతుంది. డోలమైటును గీకి పొడి చేస్తే తప్ప పొంగదు. సుత్తి మాత్రం తీయొద్దు, గుమ్మటం పగిలితే మళ్లీ రాదు.

పులివెందుల వైపు పొరల మధ్యకు కరిగిన రాయిగా చొరబడి గట్టిపడిన నల్లరాతి పట్టీ (సిల్లు) వయసు సుమారు 188.5 కోట్ల ఏళ్లు. అది చొరబడేనాటికే పొరలు ఉన్నాయి గనుక సముద్రం అంతకంటే పాతది.

ఆ రాత్రి బస చేసిన లాడ్జి మీద ఇంకా కోపం తగ్గలేదు. ఏసీ గది అని రూ. 1,600 తీసుకుని, పదకొండు దాటగానే జనరేటర్ ఆపేశారు. అడిగితే 'డీజిల్ ఎవరు పోస్తారు' అన్నారు. నిద్ర లేక తోటివాళ్లంతా చిరచిరలాడారు, తెల్లవారు వెలుతురు కాస్తా పోయింది. గది చూడగానే జనరేటర్ ఎన్ని గంటల దాకా అని అడగండి, డబ్బు ఆ తర్వాతే.

గండికోట జమ్మలమడుగుకు 15 కిలోమీటర్లు. అందరూ పెన్నా లోయను ఫొటో తీస్తారు, కాళ్లకింది బండను చూడరు. అది క్వార్ట్‌జైటు, గట్టిపడిన ఇసుక. సున్నం పేరడానికి తేట నీళ్లు కావాలి, ఇసుక వచ్చి పడితే ఆ పని ఆగిపోతుంది. బండల మీద అలల మడతలు వెతకండి. నిలువు పగుళ్ల వల్లే లోయ గోడలు చేత్తో పేర్చినట్టుంటాయి.

బెలూం గుహల సున్నపురాయి, కర్నూలు రాళ్లలో నార్జి అని పిలిచే పొరలది. కింది కడప పొరలు వాలి, కోసుకుపోయాక సముద్రం మళ్లీ వచ్చి పేర్చింది. కడప, కర్నూలు అనే ఈ రెండు దశలనూ భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లోనే విడదీసి రాశారు. గుహ పొడవు 3,229 మీటర్లు, చూడనిచ్చేది సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు. లోపల ఉక్కపోత, నూలు బట్టలే వేసుకోండి. గైడ్ చూపే పాము పడగల్లాంటి ఆకారాలతో పాటు గోడల్లోని అడ్డపొరలూ చూడండి. మన ఇళ్లలో పరిచే నాపరాళ్లు ఆ పొరలవే.

నంద్యాల దాటి గిద్దలూరు దారి పడితే పొరలు మడతలు పడి కనిపిస్తాయి. తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి పాత నల్లమల రాళ్లు తమకంటే కొత్తవైన కర్నూలు రాళ్ల మీదికి ఎక్కాయి. బురద నలిగి పలకరాయి అయింది. మార్కాపురంలో ఒక పలక ముక్క చేతిలోకి తీసుకోండి: అది చీలేది బురద పేరిన పొర వెంట కాదు, ఒత్తిడి గీసిన గీత వెంట.