పాత వేట తుపాకులు కొనే ముందు చదవండి: జార్జియాలో నాకు జరిగినది

అమెరికాలో వేట అలవాటైన తెలుగువాళ్లు కొద్దిమందే అయినా, వారిలోనూ పాత తుపాకుల మీద మోజు పెరుగుతున్నందున ఈ హెచ్చరిక రాస్తున్నాను. కిందటి ఏడు జింకల వేట మొదలయ్యే ముందు, అట్లాంటాకు రెండు గంటల దూరంలో ఉండే ఒక ఎనభై ఏళ్ల వేటగాడి దగ్గర రెండు గొట్టాల 16 గేజి (గొట్టం లావును చెప్పే కొలత) షాట్‌గన్ ఒకటి, బోల్టు (తూటాను లోపలికి నెట్టి, బయటికి తీసే కడ్డీ) ఉన్న రైఫిల్ ఒకటి కలిపి 900 డాలర్లకు కొన్నాను. రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవే అని తరువాత తెలిసింది.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికాలో తయారైన 16 గేజి తుపాకుల్లో చాలావాటికి చాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) పొడవు 2 9/16 అంగుళాలే. ఈనాడు దుకాణాల్లో మామూలుగా దొరికే షెల్ (షాట్‌గన్ తూటా) 2 3/4 అంగుళాలది. పెట్టె మీద అచ్చువేసే ఈ కొలత, పేలి మూతి విచ్చుకున్న తరువాతి పొడవు. అందువల్ల పేలని షెల్ ఆ పొట్టి చాంబర్‌లో చక్కగా ఇమిడిపోతుంది, తుపాకీ ఏ ఇబ్బందీ లేకుండా మూసుకుంటుంది, కొన్నవాడికి అనుమానమే రాదు. పేల్చినప్పుడు మాత్రం విచ్చుకునే మూతికి చోటు చాలక, అది గొట్టం సన్నబడే చోటికి చొచ్చుకుపోయి లోపలి ఒత్తిడిని పెంచుతుంది. నేను ఆరు షెల్స్ పేల్చాను. ఖాళీ షెల్స్ అంచులు పీలికలై బయటికి వస్తున్నా, పాత తుపాకీ కదా అని సరిపెట్టుకున్నాను.

రైఫిల్ సంగతి ఇంకా ఘోరం. షూటింగ్ రేంజిలో సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) తీయగానే, వేలు ట్రిగ్గర్ మీద లేకుండానే పేలింది. గొట్టం లక్ష్యం వైపే ఉండబట్టి తూటా మట్టికట్టలో దిగింది. పాత రైఫిళ్లు కొన్నింటిలో సేఫ్టీ వేసి ఉండగా బోల్టు కదలదు. అంటే వేట ముగిశాక తూటా బయటికి తీయాలన్నా సేఫ్టీ తీయక తప్పదు, పక్కన మనుషులుండేది సరిగ్గా అప్పుడే. కాబట్టి కొనే ముందు ఖాళీ రైఫిల్ బోల్టు ఎక్కించి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ నొక్కి వదిలి, ఆ తరువాత సేఫ్టీ తీసి చూడండి. లోపల టక్కుమని చప్పుడైతే అక్కడితో బేరం వదులుకోండి.

ముప్ఫై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నవాణ్ణి, ఈ పరీక్షలు నాకు తెలియనివి కావు. మరి ఎందుకు చేయలేదని నన్ను నేను అడుగుకుంటే వచ్చే జవాబు సిగ్గుచేటుగా ఉంది. ఆ పెద్దాయన వరండాలో కూర్చోబెట్టి, చల్లని తీపి టీ ఇచ్చి, మీ ఇండియా వాళ్లు కష్టపడతారు, చదువుకుంటారు, ఇక్కడి నల్లవాళ్లలా కాదు అన్నాడు. నేను కాదనలేదు సరికదా, లోలోపల కాస్త పొంగిపోయాను కూడా. ఇంత మంచి మాట అన్న మనిషి ముందు టార్చిలైటు తీసి గొట్టంలోకి చూడటం మర్యాద కాదనిపించింది. ఊళ్లో తుపాకులు బాగుచేసే ఒక నల్లజాతి పెద్దమనిషి పేరు నేనెత్తితే, అతనికి పాతవాటి సంగతి తెలియదని కొట్టిపారేశాడు.

చివరికి ఆ రెండు తుపాకులనూ పట్టుకెళ్లింది ఆ నల్లజాతి పెద్దమనిషి దగ్గరికే. ఆయన చాంబర్ కొలిచి చూపించి, ఇదే షాట్‌గన్‌ను పదేళ్ల కిందట అమ్మినవాడే తన దగ్గరికి తెచ్చాడని, అప్పుడే పొట్టి షెల్స్ తప్ప వాడవద్దని చెప్పానని అన్నాడు. వయసు మీదపడి మరిచిపోయాడో, తెలిసే దాచాడో నేను తేల్చలేను.

ఆ వరండాలోనే, తుపాకీ ఉంటే ఈ గడ్డమీద అందరూ సమానమే అని కూడా పెద్దాయన అన్నాడు. కానీ 1865లో మిసిసిపీ రాష్ట్రంలో విముక్తులైన నల్లవాళ్లు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోరాదని చట్టం చేశారు. 1956లో ఇంటి మీద బాంబు పడిన తరువాత మార్టిన్ లూథర్ కింగ్ అలబామాలో తుపాకీ అనుమతి కోరితే నిరాకరించారు. ఇక మనల్ని వేరుగా చూస్తారన్న భ్రమ సంగతి: 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో హైదరాబాదు ఇంజనీరును కాల్చి చంపినవాడు మనవాళ్లను ఇరానీయులనుకున్నాడు. వాళ్ల చదువూ కష్టమూ అతనికి కనబడలేదు. అడ్డుపడి తూటా తిన్నది ఒక తెల్లవాడే అన్నదీ నేను మరిచిపోను.

హెచ్1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్నవారు మరో సంగతి గమనించాలి. వలసేతర వీసాదారులు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. వేరే రాష్ట్రంలో ఉండే వ్యక్తి దగ్గర కొనాలంటే లైసెన్సున్న డీలరు ద్వారానే కొనాలి. 1968కి ముందటి తుపాకీకి సీరియల్ నంబరు మొదటినుంచీ లేకపోతే తప్పు కాదు, ఉన్నది గీకేసి ఉంటే ముట్టుకోవద్దు.

డబ్బు వెనక్కి అడిగితే, చూసుకునే కొన్నావు కదా అన్నాడు. ఆయన గ్యారేజీలో ఇంకా ఐదారు తుపాకులున్నాయి, వాటిలో రెండు 16 గేజివి. ఇప్పుడు చాంబర్ కొలిచే పనిముట్టు ఒకటి కొనుక్కున్నాను. అట్లాంటా చుట్టుపక్కల పాత తుపాకీ బేరం ఆడుతున్నవారు అడిగితే, వెంట వచ్చి కొలిచి చూపిస్తాను.