హనుమకొండలో ఫ్యాన్ల బేరం, లాడ్జిలో జాగారం

కంప్యూటర్ ఫ్యాన్ల కోసం హనుమకొండ వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా. ఫ్యాన్ పెట్టె విప్పకముందే రంగు లైట్లు చూపించే కొట్టు కనిపిస్తే ఆగకుండా ముందుకు నడవండి.

మాది గోదావరిఖని. నేనే పార్టులు కొని బిగించుకున్న డెస్క్‌టాప్ ఎండాకాలం మొదలవగానే బాగా వేడెక్కుతోంది. రామగుండంలో రైలెక్కి కాజీపేటలో దిగాం. కంప్యూటర్ పార్టులన్నీ బిగించి ఉన్న కేబినెట్ దారంతా మా బామ్మర్ది ఒళ్లోనే ఉంది, అతని మూడ్ అక్కడే సగం చెడింది.

మొదటి కొట్టాయన మూడు ఫ్యాన్ల సెట్టు 1,450కి అంటగట్టి, బిగించడానికి ఇంకో 200 తీసుకున్నాడు. "లైట్లు చూడుండ్రి సార్, పెండ్లి పందిరి లెక్క ఉన్నది" అన్నాడు. రోడ్డు మీద ఆర్టీసీ హారన్ల మధ్య ఫ్యాన్ మోత ఎవరికి వినపడుతుంది? సాయంత్రం వేయి స్తంభాల గుడి, భద్రకాళి చెరువు చూశాం, బాగున్నాయి.

లాడ్జి గది 900. బకెట్ వేడినీళ్లకు 30 వేరే. సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ ఎటు తిప్పినా ఒకటే స్పీడు. రిసెప్షన్లో చెబితే "తిరుగుతుంది కదా సార్" అన్నాడు. రాత్రి పదింటికి కేబినెట్‌కు కరెంటు పెట్టి చూశాం. మూడు ఫ్యాన్లూ ఒక్కసారిగా గుయ్యిమన్నాయి. "బావా, ఇంట్ల కూలరే నయం" అని బామ్మర్ది దుప్పటి కప్పుకున్నాడు. కేబినెట్ పక్క తలుపు తీసి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఆ ఫ్యాన్ల వైరు వేడిని బట్టి స్పీడు మార్చే మదర్‌బోర్డుకు కాదు, పవర్ సప్లై నుంచి వచ్చే మోలెక్స్ కనెక్టర్‌కు తగిలించి ఉంది. అంటే ఎప్పుడూ 12 వోల్టులే, ఎప్పుడూ ఫుల్ స్పీడే.

పొద్దున ఆ కొట్టుకు వెళ్తే "బిగించిన మాల్ వాపస్ ఉండదు" అన్నాడు. గంటసేపు వాదించినా రూపాయి రాలలేదు. బయట బండి మీద ఒకావిడ వేడివేడి సర్వపిండి పెట్టింది, ప్లేటు 30. వేరుశనగ పలుకులు, నువ్వులు, అంచు కరకర, నడుమ మెత్తన. బామ్మర్ది మూడో ప్లేటుకు గానీ నాతో మాట్లాడలేదు.

రెండు వీధుల అవతల ఒక ఇరుకు రిపేరు కొట్టు. పెద్దమనిషి లైట్ల మాటే ఎత్తలేదు. "ముందట జాలీ ఎట్లున్నది?" అని అడిగాడు. మా ఊళ్లో బొగ్గు దుమ్ము కాబట్టి ముందు సన్నటి ఫిల్టర్ ఉంది. దాని గుండా గాలి లాగాలంటే ప్రెషర్ బాగా ఉన్న ఫ్యాన్ కావాలన్నాడు. స్కేలు పెట్టి కొలిచి, ముందు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పడతాయని తేల్చాడు. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా చిన్నదానంత గాలి తోస్తుంది, మోత తక్కువ. ముందు రెండు ఆర్కిటిక్ కంపెనీ 140 మిల్లీమీటర్ల పీ14లు, వెనక గాలి బయటికి పోయేందుకు ఒక 120 మిల్లీమీటర్ల పీ12, మూడూ నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం రకమే, అంటే స్పీడు మదర్‌బోర్డు మార్చగలిగేవే. మొత్తం 2,650, బిగించినందుకు 100. లోపలికి వచ్చే గాలి ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము దూరదని కూడా చెప్పాడు.

మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఫ్యాన్ల సెట్టింగు కూడా తనే మార్చాడు. ప్రాసెసర్ 55 డిగ్రీలు దాటేదాకా 600 ఆర్‌పీఎం (నిమిషానికి 600 చుట్లు), 75 దగ్గర 1,200. వేడి ఒక్క క్షణం ఎగబాకినంత మాత్రాన ఫ్యాన్ గయ్యిమనకుండా కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టాడు. జేబులోని రైలు టికెట్ జాలీకి ఆనిస్తే 600 దగ్గరే అతుక్కుని నిలిచింది. చెవి దగ్గర పెడితే తప్ప చప్పుడు లేదు.

గది 42 డిగ్రీలుంటే ఏ ఫ్యానూ కేబినెట్‌ను అంతకంటే చల్లబరచలేదు, ఆ ఆశ పెట్టుకోకండి. కొనేముందు కనెక్టర్ చూడండి, మోలెక్స్ ఒక్కటే ఉంటే ఉచితంగా ఇచ్చినా వద్దు. పొద్దున రైలుకు వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు, ఆ 900 నాకు ఇప్పటికీ దండగే.