మినుకుమనే ధ్రువకాంతి కోసం: ట్రోమ్సోనా, అబిస్కోనా?

విజయవాడ గవర్నరుపేటలో ఏ ట్రావెల్ ఏజెంటును అడిగినా ధ్రువకాంతులకు (ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే అరోరా వెలుగులకు) నార్వేలోని ట్రోమ్సో పేరే చెప్పారు. ఊరు అందమైనదే. వెచ్చని సముద్ర ప్రవాహం పుణ్యమా అని చలి కూడా ఓర్చుకోగలిగినంతే. అయితే మబ్బులను తెచ్చేదీ ఆ సముద్రమే. సగం రాత్రులు ఆకాశం మూసుకునే ఉంది.

బసకు హోటల్ కన్నా వంటగది ఉన్న ఫ్లాటే నయం. బయట భోజనం ధర చూస్తే ఆకలి చచ్చిపోతుంది. కందిపొడి, గోంగూర పచ్చడి వెంట ఉంటే బియ్యం అక్కడి కొట్లలో దొరుకుతాయి. నెయ్యి మాత్రం సర్దుకోకండి. మన దేశం నుంచి పాల పదార్థాలు తీసుకెళ్లడం నార్వేలో నిషిద్ధం. నెయ్యి లేని కందిపొడి అన్నానికి మా బావగారు చివరిదాకా అలవాటు పడలేదు.

రాత్రి బస్సు టూరులో గైడు మంచివాడే, వేడి సూపు కూడా ఇచ్చాడు. కానీ అందరి కెమెరాలనూ పది సెకన్ల ఎక్స్‌పోజరుకు, అంటే ఒక్కో ఫొటోకు పది సెకన్లు వెలుగు పట్టేలా, పెట్టించాడు. పచ్చటి ఫొటోలు బాగా వస్తాయి, వెలుగు సెకనులో ఎన్నోసార్లు కొట్టుకునే మినుకులు మాత్రం తుడిచిపెట్టుకుపోతాయి. మేం వెళ్లింది ఆ మినుకుల కోసమే.

స్వీడన్‌లోని అబిస్కోలో అవి దొరికాయి. పడమటి కొండలు తేమను అడ్డుకోవడంతో అక్కడ ఆకాశం తరచుగా తేటగా ఉంటుంది. టోర్నెట్రాస్క్ సరస్సు ఒడ్డున నిలబడ్డాం. తళతళలాడే ఒక పట్టీ ఒక్కసారిగా, స్టార్టరు పాడైన ట్యూబులైటులా, చిన్న చిన్న మచ్చలుగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. బావగారు కెమెరా మాటే మరచి, "ఇది నా కళ్లకేనా, మీకూ కనిపిస్తోందా?" అన్నారు.

సాధారణంగా ఈ మినుకులు సెకనుకు పది సార్ల చుట్టుపక్కల ఉంటాయి. కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తున పుట్టే అయాన్ సైక్లోట్రాన్ తరంగాలు (విద్యుదావేశమున్న పరమాణువులు, అంటే అయాన్లు, అయస్కాంత రేఖల చుట్టూ తిరిగే లయతో ముడిపడ్డ తరంగాలు), కిందికి దూకి ఈ వెలుగును పుట్టించే ఎలక్ట్రాన్ల ధారను అదే లయలో ఊపుతాయి. ఆ ఎత్తులో భూ అయస్కాంత రేఖ చుట్టూ ఆక్సిజన్ అయాన్లు తిరిగే వేగమూ దాదాపు అంతే. అలాస్కాలోని పోకర్ ఫ్లాట్‌లో జపాన్ పరిశోధకులు సెకనుకు 160 ఫ్రేములు తీసే కెమెరాతో 50 సార్లకు మించిన మినుకులనూ పట్టారు. తేలికైన హైడ్రోజన్ అయాన్ల పాత్ర కూడా ఉంటేనే అంత వేగం సాధ్యం.

తీయదలచినవారు వీడియోనే తీయండి, అదీ వెడల్పయిన అపర్చరు (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) ఉన్న లెన్సుతో. పచ్చరంగును ఇచ్చే ఆక్సిజన్ పరమాణువు వెలుగు విడవడానికి దాదాపు 0.7 సెకను తీసుకుంటుంది కాబట్టి వేగమంతా అందులో మసకబారిపోతుంది. వెంటనే వెలిగేది నైట్రోజన్. అందుకే కింది వైపు నీలి, ఎరుపు అంచుల మీద దృష్టి పెట్టాలి. అదనపు బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి.

చలి దుస్తులు బీసెంట్ రోడ్డులో కొనకండి, అబిస్కోలోనే అద్దెకిస్తారు. అక్కడి నువోలియా కొండ మీదికి చెయిర్‌లిఫ్ట్ టిక్కెట్టు నా లెక్కలో దండగ. పైన గాలి ఎక్కువ, ట్రైపాడ్ నిలవదు. ఆ డబ్బుతో అబిస్కోలో మరో రాత్రి ఉండవచ్చు.